వార్తల్లో పదం: మార్కెట్ విలువ

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చిన్న ఫ్లాటు అమ్మదలచిన యజమానికి ఎదురయ్యే ‘మార్కెట్ విలువ’, పేరుకు మార్కెట్‌దే అయినా, నిజానికి స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ ప్రాంతాలవారీగా ఖరారు చేసే కనీస విలువ. తెలంగాణలో దీన్ని 2021 జులైలోనూ, 2022 ఫిబ్రవరిలోనూ సవరించారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతాన్ని ఈ విలువ, ఒప్పందపు ధరల్లో ఏది ఎక్కువైతే దానిపై లెక్కిస్తారు కనుక, రూ.30 లక్షల ఫ్లాటుకు మరో రూ.2.25 లక్షలు పడుతుందని ఎరిగిన కొనుగోలుదారు బేరాన్ని అక్కడినుంచే మొదలుపెడతాడు.

అడిగే ధరకు ఈ మార్కెట్ విలువ అడుగు హద్దే తప్ప కొలబద్ద కాదు. పాత అపార్ట్‌మెంటులో కట్టడం విలువ ఏటా తరుగుతూ, యూడీఎస్‌గా వ్యవహరించే, స్థలంలో ఫ్లాటుకు దక్కే విడదీయని వాటాయే ధరను నిలబెడుతుంది కాబట్టి, పక్క వీధి కొత్త ఫ్లాటు చదరపు అడుగు ధరను పాత ఫ్లాటుకు అంటగట్టడం అత్యాశే. దస్తావేజులో ధర తగ్గించి రాస్తే, ప్రభుత్వ విలువ దానికంటే 10 శాతానికి మించి ఎక్కువగా ఉన్నప్పుడు, ఆదాయపు పన్ను లెక్కలో ఆ విలువే అమ్మకపు ధర అవుతుంది.