ఉడత వీపు మీద గీతలు ఎవరు గీశారు?

జగిత్యాల మామిడి తోటలో ఆడుకునే పిల్లలను ఉడత వీపు మీద మూడు గీతలు ఎందుకున్నాయని అడగండి. శ్రీరాముడు మూడు వేళ్లతో నిమిరాడని ఠక్కున చెబుతారు. ఉత్తర భారతంలో ఐదు గీతల ఉడత కూడా ఉంది. అక్కడ ఎన్ని వేళ్లతో నిమిరారో మరి! ఎండా నీడా కలిసిన కొమ్మ మీద గీతల ఒళ్లు త్వరగా కంటికి ఆనదన్నది మాత్రం నిజం.

సిరిసిల్ల మగ్గం మీద చారల బట్ట కావాలంటే ముందే పడుగులో రంగు నూలు పేర్చుకోవాలి. జంతువులకు ఆ పని తల్లి కడుపులోనే అయిపోతుంది. రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో వ్యాపిస్తే చుక్కలు, చారలు వాటంతటవే ఏర్పడగలవని 1952లో అలన్ ట్యూరింగ్ అనే ఆంగ్లేయ గణిత శాస్త్రజ్ఞుడు లెక్క కట్టి చూపించాడు. పులి వెంట్రుకలు గొరిగినా చర్మం మీద చారలు కనిపిస్తాయి. గొరిగేదెవరని మమ్మల్ని అడగకండి.

మరి అంత నారింజ రంగుతో పులి గడ్డిలో ఎలా దాక్కుంటుంది? దుప్పి కంటికి నారింజ, ఆకుపచ్చ తేడా తెలియదు. మనలో కొందరికి ఎరుపు, పచ్చ తేడా తెలియనట్లే.

పాముల దగ్గరికొస్తే నవ్వు కాస్త తగ్గుతుంది. రక్తపింజర ఒంటి మీది గొలుసు మచ్చలు ఎండుటాకుల్లో కలిసిపోతాయి. కోరుట్ల పసుపు చేలల్లో పనిచేసేవారు చూసి అడుగు వేయాలి. కట్లపాముకు నల్లని ఒంటి మీద సన్నని తెల్ల కట్లు ఉంటాయి, పేరు అందుకే వచ్చింది. ఇంటి గోడల సందుల్లో బల్లులను తిని బతికే విషం లేని పాము ఒకటి అచ్చం అలాంటి వేషమే వేసుకుంటుంది. కట్లపాముకు సాధారణంగా మెడ దగ్గర కట్లు ఉండవు, తోక వైపు స్పష్టంగా ఉంటాయి. రెండోదానికి తల వైపు స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి.

పుస్తకంలో చదవడానికి సులువే. రాత్రి రెండు గంటలకు కరెంటు లేనప్పుడు, చాప మీద పడుకున్న మనిషి కాలికి ఏదో తగిలితే కట్లు లెక్కపెట్టేదెవరు? పైగా కట్లపాము కాటు నొప్పి పెట్టకపోవచ్చు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తర్వాత కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి.

అందుకే పామును వెతికి చంపి తేనక్కరలేదు. డాక్టర్లు చూసేది రోగి కనురెప్పలను, గాయాన్ని. కొంచెం రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాల్లో గడ్డకట్టిందా అని కూడా చూస్తారు. మన దేశంలో ఇచ్చే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి చేసినదే. కాబట్టి తాడు బిగించవద్దు, గాటు కోయవద్దు, పసరు మందుతో సమయం పోగొట్టవద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆ బల్లుల పాము సంగతంటారా? శత్రువులను భయపెట్టే ఆ వేషమే పాపం, మన ఊళ్లలో దాని ప్రాణం మీదికి తెస్తోంది.