రెండు మీటర్ల దూరం, ఆరు సెంటీమీటర్ల షార్ప్

మా మేనమామ షష్టిపూర్తికి హన్మకొండలో వాళ్ల ఇంటి హాల్లో నేను తీసిన ఫొటో ఒకటుంది. 12×18 అంగుళాల సైజులో ప్రింటు వేయించి ఫ్రేము కట్టించా. అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "మీ మామ మీసాలు లెక్కపెట్టొచ్చు. నా మొహమేంది, పొగల కూసున్నట్టున్నది?" అన్నది.

తప్పు కెమెరాది కాదు, నాదే. కొత్తగా కొన్న 85 ఎం.ఎం. లెన్సు ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుందన్న గర్వంతో పూర్తిగా తెరిచేశా. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, రెండు మీటర్ల దూరం. ఈ లెక్కకు షార్ప్‌గా పడే లోతు మొత్తం 6 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఫోకస్ మామ కంటి మీద ఉంది కాబట్టి ఆ కంటికి ముందు 3 సెంటీమీటర్లు, వెనక 3 సెంటీమీటర్లు. అత్తమ్మ మామ పక్కనే, బెత్తెడు వెనక్కి జరిగి కూచుంది. బెత్తెడంటే ఏడెనిమిది సెంటీమీటర్లు. అక్కడే తప్పింది.

అదే దూరంలో అదే లెన్సును ఎఫ్/4 కు మూస్తే ఆ లోతు 13 సెంటీమీటర్లవుతుంది. ఎఫ్/5.6 దగ్గర 18, ఎఫ్/8 దగ్గర 26, ఎఫ్/11 దగ్గర 35. అయితే ఈ పట్టికలో ఒక మెలిక ఉంది. సెన్సర్ మీద 0.03 మిల్లీమీటర్ల మసక చుక్కను కన్ను పట్టుకోలేదన్న పాత అంచనాతో కట్టిన లెక్క ఇది. చేతిలో పట్టుకుని చూసే చిన్న ప్రింటుకు అది సరిపోతుంది. 12×18 ప్రింటులో సెన్సర్ మీది బొమ్మ దాదాపు 13 రెట్లు పెరుగుతుంది, చుక్కా అంతే పెరుగుతుంది. అత్తమ్మలా ముక్కు ఆనించి చూసేవాళ్లుంటే పై అంకెలన్నీ సగం చేసుకోవాలి. అప్పుడు ఎఫ్/8 ఇచ్చేది 13 సెంటీమీటర్లే. ఒక్కరి ముఖానికైతే చాలు: దగ్గరి కంటి మీద ఫోకస్ పెడితే ముక్కుపుడకా కనురెప్పలూ నిక్కచ్చిగా వస్తాయి, చెవి కొంచెం మెత్తబడుతుంది. పెళ్లికూతురి బుట్టకమ్మలు కూడా పూస పూసా కనిపించాలంటే, లేదా బెత్తెడు తేడాతో ఇద్దరు కూచుంటే, ఎఫ్/11 కు పోవాలి.

మరి ఎఫ్/22 పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అంటారు. లెన్సు కంత మరీ చిన్నదైతే కాంతి దాని అంచున వంగి పరుచుకుంటుంది. చుక్క చుక్కలా పడదు, బిళ్లలా పడుతుంది. ఆకుపచ్చ కాంతికి ఆ బిళ్ల వెడల్పు ఎఫ్/8 దగ్గర 11 మైక్రాన్లు, ఎఫ్/11 దగ్గర 15, ఎఫ్/22 దగ్గర 30. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్లు. మన 12×18 ప్రింటు ఓర్చుకునే మసక 15 మైక్రాన్లు కాబట్టి ఎఫ్/11 దగ్గరే గీత గీసుకోవాలి. అది దాటితే లోతు పెరుగుతుంది, షార్ప్ మాత్రం ఫొటో అంతటా సమానంగా పోతుంది.

నమ్మకం కుదరకపోతే కొత్తవాడ జంపఖానా ఒకటి గోడకు బిగుతుగా కట్టండి. వరంగల్ దర్రీలన్న పేరుతో 2018లో జీఐ గుర్తింపు తెచ్చుకున్నవి ఇవే. కెమెరాను స్టాండు మీద బిగించి ఎఫ్/1.8 నుంచి ఎఫ్/22 దాకా ఒక్కో మెట్టుకు ఒక్కో ఫొటో తీసి, కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి చూడండి. పూర్తిగా తెరిచినప్పుడు మూలల్లో పోగులు కలిసిపోతాయి. ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర నూలు పేట కూడా కనిపిస్తుంది. ఎఫ్/22 కు వచ్చేసరికి నడిమి పోగులు కూడా నీళ్లలో నానినట్టుంటాయి. ఏ పుస్తకమూ మీ లెన్సు గురించి ఇంత నిజం చెప్పదు.

1932లో అమెరికాలో యాన్సెల్ ఆడమ్స్, ఆయన మిత్రులు తమ బృందానికి 'గ్రూప్ ఎఫ్/64' అని పేరు పెట్టుకున్నారు కదా, వాళ్లకు మసక రాలేదా? 8×10 అంగుళాల ఫిల్ము మూలనుంచి మూలకు మన ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌కు ఏడున్నర రెట్లు. దాని మీద ఎఫ్/64 అంటే మన దగ్గర ఇంచుమించు ఎఫ్/8.5. అటు తిరిగీ ఇటు తిరిగీ అందరూ అక్కడికే చేరారన్నమాట.

ఇక వెలుగు. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/11 కు మూస్తే లోపలికొచ్చే కాంతి 37వ వంతుకు పడిపోతుంది. ఆ రోజు ట్యూబ్‌లైట్ల కింద ఐఎస్‌ఓ 400 పెట్టి సెకనులో అరవయ్యో వంతుతో తీశా. ఎఫ్/11 తో అదే వెలుగు రావాలంటే అర సెకను దాటుతుంది. గింజలు లేని ఐఎస్‌ఓ 100 కావాలంటే రెండున్నర సెకన్లు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద తీసిన కాలంలో జనం అలా కదలకుండా కూచున్నారు. మా మామ కూచోడు. ఫ్లాష్ అవసరం ఇక్కడే: రెండున్నర సెకన్ల వెలుగును సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూగా కుమ్మరిస్తుంది. మనిషి కదిలినా, చెయ్యి వణికినా ఫొటోలో పడదు. అందుకే ముందు ఎఫ్ నంబరు తేల్చుకోవాలి, తర్వాత దానికి తగ్గట్టు ఫ్లాష్ సర్దాలి. చాలామంది ఫ్లాష్ ఎలా ఉంటే అలా వదిలేసి, ఫొటో తెల్లగా వచ్చిందనో నల్లగా వచ్చిందనో ఎపర్చర్ తిప్పుతారు. షార్ప్ అక్కడే చేజారుతుంది.

ఫ్లాష్ పవరు సగం, పావు, ఎనిమిదో వంతు అని మెట్లు దిగుతుంది, ఒక్కో మెట్టు ఒక స్టాప్. దీపం దూరం లెక్క ఇంకా సొగసైనది. కాంతి దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి 1, 1.4, 2, 2.8, 4 మీటర్లు... ఒక్కో అడుగుకు ఒక స్టాప్ తగ్గుతుంది. ఎఫ్ నంబర్ల వరసే ఇది! కుర్చీ దగ్గర్నుంచి నేల మీద ఈ దూరాల్లో ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించుకుంటే సగం పని అయిపోతుంది. పావు పవరుతో ఒక స్టాప్ నల్లగా వచ్చిందా, సగానికి పెంచండి, లేదా ఫ్లాష్ స్టాండును ఒక టేపు ముందుకు జరపండి.

ఇద్దరున్నప్పుడు మాత్రం జరపడంలో జాగ్రత్త. ఫ్లాష్‌కు తొడిగిన సాఫ్ట్‌బాక్స్ ఒకరికి మీటరు, రెండోవారికి మీటరున్నర దూరంలో ఉంటే మొదటివారి మీద రెండుంబావు రెట్ల వెలుగు పడుతుంది. అదే రెండు మీటర్లు, రెండున్నర మీటర్లు అయితే తేడా ఒకటిన్నర రెట్లే. వెనక్కి జరిగినందుకు పవరు రెండు స్టాపులు పెంచుకోవాలి, అంతే.

షట్టర్ సెకనులో 125వ వంతు. చాలా కెమెరాలు 200వ లేదా 250వ వంతు దాకా ఫ్లాష్‌తో కలిసి నడుస్తాయి, అది దాటితే ఫొటో అంచున నల్లపట్టీ పడుతుంది. చవక ట్రిగ్గర్లతో 200 దగ్గరే పడొచ్చు. ఫ్లాష్ ఆపేసి ఒకసారి నొక్కి చూడండి. ఫ్రేము నల్లగా వస్తే ట్యూబ్‌లైటు జోక్యం లేనట్టే.

అమెరికా చదువుల సీజన్‌లో వచ్చే వీసా ఫొటోకూ ఇదే పద్ధతి. రెండంగుళాల చదరం, తల 25 నుంచి 35 మిల్లీమీటర్లు, వెనక తెలుపు. ముఖానికి లైట్‌మీటరు ఎఫ్/8 చూపిస్తే గోడకు ఎఫ్/11 చూపించాలి, అంతకు మించొద్దు. మించితే గోడ వెలుగు లెన్సులోకి తిరిగొచ్చి చెంపల అంచులు తినేస్తుంది. 2016 నవంబరు నుంచి కళ్లద్దాలతో ఫొటో ఒప్పుకోవడం లేదు కాబట్టి అద్దాల మీద మెరుపు గొడవ తప్పింది.

మొన్న మామనీ అత్తమ్మనీ మళ్లీ కూచోబెట్టా. ఈసారి ఇద్దరి కళ్లూ ఒకే వరసలో. ఎఫ్/11, 125వ వంతు, ఐఎస్‌ఓ 100, సాఫ్ట్‌బాక్స్ రెండు మీటర్ల టేపు మీద. అదే సైజు ప్రింటు తీసుకెళ్లి ఇచ్చా. అత్తమ్మ కళ్లజోడు తెప్పించుకుని మరీ చూసింది.

"మంచిగనే ఉన్నది గని, ముడతలన్నీ ఇట్ల లెక్కవెట్టి సూపియ్యాల్నా అల్లుడా? గోడకు ఆ పాతదే ఉండనీయ్."