ఉచిత సాఫ్ట్‌వేరు - వెలకు మించిన మేలు

ప్రశ్నపత్రము తయారుచేయుటకు, మార్కుల పట్టిక వేయుటకు పాఠశాలలలో నేడు కంప్యూటరును వాడుచున్నారు. ఈ పనులకు వెలపెట్టి సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. లిబ్రేఆఫీస్ అను ఉచిత సాఫ్ట్‌వేరు చాలును. ఇందులో వ్రాతకు రైటర్, లెక్కలకు కాల్క్, తెరపై పాఠము చూపుటకు ఇంప్రెస్ అను భాగములు కలవు.

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1999లో స్టార్‌ఆఫీస్ అను సాఫ్ట్‌వేరును సంపాదించి, 2000లో దాని మూలసంకేతమును అందరికిని వెల్లడించెను. ఆ పునాదిపైననే 2010లో లిబ్రేఆఫీస్ ఆరంభమయ్యెను.

డబ్బు మిగులుట ఒక్కటే దీని ప్రయోజనము కాదు. ఫైలులో అక్షరములను అమర్చు పద్ధతి రహస్యమైనచో, ఆ సాఫ్ట్‌వేరు లేనినాడు మన వ్రాత మనకే అందకపోవచ్చును. లిబ్రేఆఫీస్ వాడు ఓపెన్‌డాక్యుమెంట్ పద్ధతి బహిరంగమైనది. అది 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది.

దీనిని విద్యార్థులే పరీక్షించి చూడవచ్చును. రైటర్‌లో యూనికోడ్ తెలుగులో ‘నీరు’ అని వ్రాసి ఫైలును భద్రపరచవలెను. దానికి నకలు తీసి, నకలు పేరు చివరనున్న ‘ఓడీటీ’ అను అక్షరములను ‘జిప్’ అని మార్చి తెరువవలెను. లోపల ‘కంటెంట్’ అను పేరుగల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఉండును. దానిని నోట్‌ప్యాడ్‌తో తెరచినచో, అనేక గుర్తుల నడుమ ‘నీరు’ అను మాట స్పష్టముగా కనబడును.

అనగా, రేపు లిబ్రేఆఫీస్ లేకపోయినను ఆ వ్రాతను చదువవచ్చును. సాఫ్ట్‌వేరును ఎన్నుకొనునపుడు వెలతోపాటు ఈ గుణమును కూడ విచారింపవలెను.