మెదడు అదిరిన విద్యార్థి – మరల తరగతికి
స్కూటరుమీదనుండి పడి మెదడు అదిరిన విద్యార్థికి స్కానులో ఏ లోపమును కనిపింపకపోవచ్చును. చెడినది మెదడు పనితీరేగాని ఆకారము కాదు. అందుచేతనే పుస్తకము తెరచిన కొంతసేపటికే తలనొప్పి, కన్నులు చెదరుట. మన యిండ్లలో దీనికి సోమరితనమని పేరు! వాంతులు, మగత, పెరుగుచున్న తలనొప్పి ఉన్నచో మాత్రము వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను.

వారములకొలది చీకటిగదిలో పరుండబెట్టుటయు మేలు కాదు. 2022లో ఆమ్‌స్టర్‌డాంలో సమావేశమైన నిపుణులు తొలి 24 మొదలు 48 గంటల పాక్షిక విశ్రాంతినే సూచించిరి. అప్పుడు ఫోను చూచుట తగ్గింపవలెను. పిమ్మట ఇంట కొంత చదువు, ఆపై కళాశాలలో ఒకపూట, తుదకు పూర్తి దినము. బాధ ఒకింత తోచినంతమాత్రమున మనము చదువు మానిపింపనక్కరలేదు. మోతాదు తగ్గించిన చాలును. అధ్యాపకుడు పాఠపు ప్రతినిచ్చి, పరీక్షకు గడువు పెంచవచ్చును. పోటీ ఆటలు మాత్రము చదువు పూర్తిగా కుదిరిన పిదపనే, వైద్యుని అనుమతిపై.