ప్రోగ్రాములో దోషము: పట్టుట, తెలుపుట, దిద్దుట

పరీక్షలు ముగిసిన పిమ్మట జవాబు పత్రములను హాల్‌టిక్కెట్టు సంఖ్యల వరుసలో పేర్చుట ఉపాధ్యాయులకు పరిచితమైన పని. ఆ కాగితములన్నియు చిందరవందరగా ఉండవు. ఒక గదినుండి వచ్చినవి చాలవరకు వరుసలోనే ఉండును. మరియొక గదివి పూర్తిగా తలక్రిందులుగా ఉండును; వానిని తిరగవేసిన చాలును. అనుభవము గల ఉపాధ్యాయుడు ఉన్న వరుసలను చెడగొట్టడు. వానిని ఉన్నట్లే తీసికొని, రెండేసి కట్టలను కలుపుకొనుచు పోయి, తుదకు ఒకే కట్ట చేయును.

2002లో టిమ్ పీటర్స్ అను ప్రోగ్రామరు పైథాన్ భాషకొరకు రూపొందించిన క్రమీకరణ పద్ధతి ఇట్టిదే. ఆయన పేరుమీదుగా దానికి టిమ్‌సార్ట్ అను పేరు వచ్చినది. 2011లో వెలువడిన జావా 7వ కూర్పు దీనిని స్వీకరించినది. ఆండ్రాయిడ్ ఫోనులలోనికిని ఇది ప్రవేశించినది. ఒక జాబితాను తేదీల క్రమములో గాని అక్షరక్రమములో గాని అమర్చవలసి వచ్చినప్పుడు లెక్కలేనన్ని ప్రోగ్రాములు ఆ పనిని దీనికే అప్పగించును.

ఇంతగా వాడుకలోనున్న పద్ధతిలో 13 సంవత్సరములపాటు ఒక దోషము దాగియుండెను. దాని మూలమును 2015లో బయటపెట్టినవారు పైథాన్‌ను గాని జావాను గాని పోషించువారు కారు. వారు నెదర్లాండ్సు, జర్మనీ దేశములలో పనిచేయుచుండిన స్టైన్ డి గౌ మొదలగు ఐదుగురు పరిశోధకులు. బయటివారికి ఇది ఎట్లు సాధ్యమైనది?

ప్రోగ్రామరు వ్రాసినది మూలపాఠము. యంత్రము నడుపునది దానినుండి తయారైన వేరొక రూపము. కూర తిని ఉప్పు ఎక్కువైనదని ఎవరైనను చెప్పగలరు. ఉప్పు రెండుమార్లు పడినదని చెప్పవలెనన్న వంటయింటిలోనికి వెళ్ళి చూచియుండవలెను. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములలో వంటయింటి తలుపు తెరచియే యుండును. మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చి చూడవచ్చును, మార్పును పంపవచ్చును. పైథాన్ 1991లో వెలువడినది మొదలు ఇట్టిదే. జావా మూలపాఠమును ఈ విధముగా విడుదల చేయుటకు సన్ సంస్థ 2006లో పూనుకొనినది.

తలుపు మూసియున్నచో ఏమగునో తెలుగువారికి ఒక అనుభవము కలదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరము, నడుమ కంటికి కనబడని ఒక సంకేతముతో కూడి సందేశములో వచ్చినచో, ఐఫోనులో ఆ సందేశముల ప్రోగ్రాము ఉన్నపళముగ మూతపడెడిది. కొందరు ఔత్సాహికులు రకరకముల అక్షరములను కూర్చి చూచి, ఎట్టి కూర్పులు ప్రమాదకరములో చాలవరకు ఊహించిరి. కాని మూలపాఠములో ఏ పంక్తి తప్పో చూపగలవారు బయట ఒక్కరును లేరు. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరించిన కూర్పును పంపినది. అంతవరకు వేచియుండుట తప్ప వాడుకరులకు వేరు దారి లేకపోయినది.

ఇక టిమ్‌సార్ట్ దోషమేమో చూతము. కలుపవలసిన వరుసల పొడవులను ప్రోగ్రాము ఒక దొంతిలో గుర్తుంచుకొనును. కుండలపై కుండలను పెట్టినట్లు, క్రొత్త వరుస యెప్పుడును పైకే వచ్చి చేరును. దొంతిలో ఎన్ని గదులుండవలెనో ముందుగనే నిర్ణయింపబడియుండును. గదులు చాలుటకై ఒక నియమమును విధించిరి: ఏ వరుస యైనను తన తరువాత వచ్చిన రెండింటి మొత్తముకంటె పొడవుగా నుండవలెను, తన తరువాతిదానికంటెను పొడవుగా నుండవలెను. నియమము తప్పినచో వరుసలను కలుపవలెను.

ఈ నియమములోని చమత్కారము గణిత ఉపాధ్యాయులు వెంటనే గ్రహింతురు. పైనుండి క్రిందికి చూచినచో ప్రతి సంఖ్యయు ముందరి రెండింటి మొత్తమును మించుచుండును. అనగా 1, 2, 3, 5, 8, 13 అను ఫిబొనాచ్చి శ్రేఢికంటె వేగముగా పెరుగును. (ఈ శ్రేఢిని ఫిబొనాచ్చికి పూర్వమే మన ఛందశ్శాస్త్రజ్ఞులైన విరహాంకుడు, హేమచంద్రుడు ఎరిగియుండిరి.) అంత వేగముగా పెరుగు సంఖ్యలు కొలదిగా ఉన్నను మొత్తము కోట్లకు చేరును. జావాలో ఒక పట్టిక ఇంచుమించు 214 కోట్ల అంశములను మించదు. కనుక ఎంత పెద్ద పట్టికకైనను 40 గదులు చాలునని లెక్కగట్టిరి. నియమము నిజముగా నిలిచియుండినచో ఆ లెక్కకు లోటు లేదు.

దొంతిలో 120, 80, 25, 20 అను వరుసలున్నవనుకొనుడు. 80, 25ల మొత్తము 105. 120 దానికంటె పెద్దది. 25, 20ల మొత్తము 45. 80 దానికంటె పెద్దది. అంతయు సక్రమముగనే యున్నది. ఇప్పుడు 30 పొడవు గల వరుస వచ్చినది. ప్రోగ్రాము చివరి మూడింటిని చూచును. 20, 30ల మొత్తము 50; 25 దానికి చాలదు. కావున 25ను 20తో కలిపి 45 చేయును. దొంతి 120, 80, 45, 30 అయినది. మరల చివరి మూడింటిని చూచును: 45, 30ల మొత్తము 75, 80 పెద్దదే. 45 కూడ 30 కంటె పెద్దదే. అంతటితో తృప్తిపడి ఆగిపోవును. కాని 80, 45ల మొత్తము 125! 120 దానికంటె చిన్నది. నియమము అచ్చట చెడినది. ప్రోగ్రాము అటు కన్నెత్తి చూడదు.

ఒకమారు చెడినంతమాత్రమున ఏ ప్రమాదమును లేదు. అమరిక సరిగనే వచ్చును. ఇట్టి లోపములు ఒకదానిపై ఒకటి పేరుకొనినప్పుడు మాత్రము, అనుకొన్నదానికంటె ఎక్కువ వరుసలు దొంతిలో నిలిచిపోవును. 40 గదులు నిండి 41వ వరుస వచ్చినప్పుడు ప్రోగ్రాము ఆగిపోవును. అట్టి దత్తాంశము అనుకోకుండ ఏర్పడుట చాల అరుదు.

పరిశోధకులు దోషమును వెదకుచు బయలుదేరినవారు కూడ కారు. ఈ పద్ధతి నిర్దుష్టమని ‘కీ’ అను సాధనముతో గణితపద్ధతిని నిరూపింపవలెనని పూనుకొనిరి. రేఖాగణితములో ఒక మెట్టు ఎంతకును నడువకపోయినచో విద్యార్థి ముందు తన నిరూపణను శంకించును, పిమ్మట పటమును శంకించును. వీరికిని అట్లే జరిగినది. నియమము దొంతి యంతటను నిలుచునను మెట్టు నడువలేదు. నడువకపోవుటకు కారణము ఆ మాట నిజము కాకపోవుటయే.

ఆ తరువాత వారు చేసినది గమనింపదగినది. జావా సంరక్షకులకు “మీ క్రమీకరణ పనిచేయుట లేదు” అని వ్రాసి ఊరుకొనలేదు. దోషమును ఎవరైనను తమ యంత్రముపై చూచుకొనుటకు వీలుగా ఒక చిన్న ప్రోగ్రామును జతపరచిరి. అది 6,71,08,864 అంశములు (అనగా 2 యొక్క 26వ ఘాతము) గల పట్టికను తయారుచేసి క్రమీకరణకు ఇచ్చును. లేని గది సంఖ్య 40ని చూపుచు క్రమీకరణ ఆగిపోవును. గదులు సున్ననుండి లెక్కింపబడును గనుక 39వది కడపటిది. దోషమునకు కారణము, సవరణ, ఆ సవరణ సరియైనదను నిరూపణ కూడ వారు అందించిరి.

దోష నివేదికకు ప్రాణము ఆ మొదటి అంశమే. సంరక్షకుడు తన యెదుట దోషమును మరల పుట్టించుకొనలేనిచో, ఎంత తెలివిగలవాడైనను చేయగలిగినది లేదు. చిన్న ప్రోగ్రాముల సంరక్షకులలో పలువురు ఉద్యోగపు పని ముగిసిన పిమ్మట, జీతము లేక ఈ పని చేయువారు. లిబ్రెఆఫీసులో గాని ఫైర్‌ఫాక్సులో గాని ఒక తెలుగు ఒత్తు తప్పుగా కనబడినదనుకొనుడు. ఏ కూర్పులో, ఏ ఖతితో, ఏ అక్షరములను ఏ వరుసలో టైపుచేయగా ఏమి కనబడినదో, ఏమి కనబడవలెనో వ్రాసినచో ఉన్నత పాఠశాల విద్యార్థి నివేదికకును విలువ గలదు. పటముతోబాటు అక్షరములను అక్షరములుగనే పంపవలెను. పటమునుండి వానిని తిరిగి టైపుచేయుటకు తెలుగు తెలియని సంరక్షకునికి సాధ్యము కాదు. అంతకుముందే ఎవరైనను తెలిపిరేమో వెదకి చూచుట మర్యాద.

సవరణను పంపుట రెండవ మెట్టు. పాత పాఠములో ఏ పంక్తులు పోయి ఏ పంక్తులు రావలెనో అంతమాత్రమే చూపు చిన్న పత్రమును ప్రోగ్రామర్లు ‘ప్యాచ్’, అనగా అతుకు, అందురు. సంరక్షకులు దానిని చదివి, పరీక్షించి, స్వీకరింతురు లేదా త్రోసిపుత్తురు. నిర్ణయము వారిదే.

టిమ్‌సార్ట్ విషయమున ఆ నిర్ణయములు రెండు విధములైనవి. పరిశోధకుల సవరణ మిక్కిలి చిన్నది: చివరి మూడింటితోబాటు వాని వెనుకనున్న మెట్టును కూడ చూడవలెను. పై ఉదాహరణలో అట్లు చూచినచో 120 పట్టుబడును. 45, 30 కలసి 75 అగును. పిదప 80తో కలసి 155, 120తో కలసి 275 అగును. పైథాన్‌లో దొంతికి 85 గదులుండెను. అవి నిండవలెనన్న నేటి ఏ కంప్యూటరులోను పట్టనంత పట్టిక కావలెను. అయినను పైథాన్ సంరక్షకులు సవరణను స్వీకరించిరి. జావా సంరక్షకులు తనిఖీని మార్చలేదు. 40 గదులను 49 చేసిరి.

ఇది వారికి క్రొత్త కాదు. మధ్యరకపు పట్టికలకు ఉండిన 19 గదులు చాలక దోషము ఒకసారి ముందే బయటపడగా, 24 చేసియుండిరి. వారి జాగ్రత్తకు కారణము లేకపోలేదు: అందరును ఆధారపడిన పాఠములో తర్కమును మార్చుటకంటె ఒక సంఖ్యను మార్చుట తక్కువ ప్రమాదముగా తోచును. కాని ఇల్లు కురియుచుండగా తొట్టిని మార్చి పెద్దది పెట్టుట వంటిది ఈ పని.

2018లో ఫ్రాన్సు దేశమునందు ఒజే, జుజే, నికో, పివటో అను నలుగురు పరిశోధకులు టిమ్‌సార్ట్‌కు ఎంత కాలము పట్టునో గణితపద్ధతిని తేల్చుచుండిరి. ఆ పనిలో, 49 గదులు చాలునన్న లెక్కలోనే పొరపాటున్నదని వారికి కనబడినది. 49 గదులు నిండి జావా ఆగిపోవు పట్టికను తయారుచేసి, దానితో నివేదిక పంపిరి. ఈసారి సంరక్షకులు తనిఖీనే మార్చిరి. మూడేండ్ల క్రిందట సూచింపబడిన ఆ వెనుకటి మెట్టు చూపు జావాలో అప్పుడు చేరినది. పైథాన్‌లో వరుసలను కలుపు నియమమే 2022లో 3.11వ కూర్పుతో మారిపోయినది. జావా మూలపాఠములో సవరించిన తనిఖీ కలదు. దానికి పైన 24, 49 అను పాత సంఖ్యలును అట్లే యున్నవి.