వేరు చూసి అంటు, నీళ్లు చూసి దానం

ఒక మనిషి నాటిన చెట్టు నుంచి పక్షి తిన్నా, పశువు తిన్నా, బాటసారి తిన్నా అది నాటినవాడికి సదఖా అవుతుందని ప్రవక్త (స) మనకు తెలిపారు. అందుకే మన దాతలు కొందరు పేద రైతు కుటుంబాలకు చీనీ అంట్లు ఇప్పించాలనీ, మదరసా ఆవరణలోనో ఖబరస్తాన్ గోడ వెంబడో పండ్ల చెట్లు పెట్టించాలనీ కోరుకుంటారు. మంచి సంకల్పమే. కానీ ఈ దానంలో ఒక చిక్కుంది. బియ్యం బాగాలేకపోతే ఆ పూటే తెలుస్తుంది. చీనీ అంటు మంచిది కాకపోతే నాలుగైదేళ్ల తర్వాత, కాపు రావాల్సిన వేళకు తెలుస్తుంది. అప్పటికి ఆ కుటుంబం నీళ్లు, ఎరువు, కూలి అన్నీ పెట్టేసి ఉంటుంది. కనుక అంటును చేతికొచ్చిన రోజే పరీక్షించాలి.

పులివెందుల వైపు చీనీ తోటలకు రైల్వే కోడూరు వంటి చోట్ల నుంచి అంట్లు వస్తాయి. ఫోనులో మాట్లాడి డబ్బు పంపితే ట్రాన్స్‌పోర్టులో కట్టలు దిగుతాయి. కొన్ని కవర్లలో మట్టితో సహా వస్తాయి. కొన్నింటిని మడిలోంచి పెరికి, వేళ్లకు తడి గోనె చుట్టి పంపుతారు. ఈ రెండో రకం ధర తక్కువ, బరువు తక్కువ, పైగా వేరు కంటికి కనిపిస్తుంది. కాశ్మీరు ఆపిల్ మొక్కలూ ఇలాగే వట్టి వేళ్లతో వెళ్తాయి. అయితే అవి చలికాలంలో ఆకు రాల్చి నిద్రలో ఉంటాయి. చీనీ ఏడాది పొడుగునా ఆకుతోనే ఉంటుంది. వేరుకు నీరందకపోయినా ఆకు నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడ ఒక్క రోజు ఆలస్యం కూడా నష్టమే.

కట్ట విప్పగానే చూడాల్సినవి

తల్లివేరు నిటారుగా ఉండాలి. కొక్కెంలా వంగినా, చుట్టుకున్నా వద్దు. సన్న పీచువేళ్లు నిండుగా ఉండాలి. వేరు పైతోలు వేలితో లాగితే ఊడివచ్చి లోపల గోధుమరంగు కనిపిస్తే అది కుళ్లినట్టే. కాండాన్ని గోటితో గీరితే లోపల పచ్చగా ఉండాలి. అంటు కట్టిన చోటు వేరు మొదలుకు కనీసం ఆరంగుళాల పైన ఉండి, అతుకు నున్నగా ఉండాలి. అక్కడ బంక కారుతుంటే పక్కన పెట్టండి.

కంటికి కనిపించనిది మరొకటుంది. అది అంటు ఏ వేరు మీద కట్టారన్నది. 1930ల తర్వాత బ్రెజిల్, అర్జెంటీనా దేశాల్లో పుల్లనారింజ వేరు మీద కట్టిన లక్షలాది చీనీ చెట్లు ఒక వైరస్ తెగులుకు ఎండిపోయాయి. మన దగ్గర సాత్‌గుడి చీనీకి రంగపూర్ నిమ్మ వేరును సిఫారసు చేస్తున్నారు. రకం పేరు, వేరు పేరు బిల్లు మీద రాయించుకోండి. 2010 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం పండ్ల నర్సరీలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

నాటడం

గుంతలు ముందుగానే తీయాలి. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు చాలు. చెట్టుకూ చెట్టుకూ 20 అడుగులు వదిలితే ఎకరాకు సుమారు 108 చెట్లు పడతాయి. పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి గుంత నింపి, ఒకసారి తడిపి మట్టి కుదురుకోనివ్వాలి. వానలు పడి నేల చల్లబడ్డాక సాయంత్రం పూట నాటాలి. విరిగిన వేళ్లను పదునైన కత్తితో కోసి, సగం ఆకులు తీసేసి, వేళ్లు గుంతలో విప్పారేలా పెట్టాలి. నర్సరీలో ఎంత లోతున ఉందో అంతే లోతు ఉండాలి. అతుకు మట్టిలో పూడితే బంక తెగులు, వేరుకుళ్లు వస్తాయి. మట్టి తొక్కి, కర్ర కట్టి, వెంటనే నీరు పోయాలి. తర్వాత కూడా పాదులో నీరు కాండానికి తగలకుండా మొదలు చుట్టూ మట్టి ఎగదోయాలి. అతుకు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచాలి. ఆ రోజు నాటలేకపోతే నీడలో చిన్న కాలువ తీసి, వేళ్లను తడిమట్టితో కప్పి ఉంచండి.

నేలనూ చూడాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు బరువు నల్లరేగడిలో వాన నీరు నిలిచే చోట చీనీ నిలవదు. అలాంటి చోట నేరేడు మేలు. నీరు నిలవకపోయినా తడి తక్కువగా ఉండే ఖబరస్తాన్ గోడ వెంబడి రేగు, ఉసిరి తట్టుకుంటాయి.

దాతలకు మా మనవి

అంటు ధర మొత్తం ఖర్చులో చిన్న భాగం. తొలి మూడు వేసవుల్లో నీళ్లు, కంచె, చూసుకునే మనిషి, ఇవే అసలు ఖర్చు. వంద మొక్కలు ఇచ్చి ఫొటో తీసుకోవడం కన్నా, బోరులో నీరున్న కుటుంబానికి ముప్పై మొక్కలు ఇచ్చి మూడేళ్ల డ్రిప్పు ఖర్చు భరించడం మేలు. మీరు మొక్కల కోసం ఇచ్చేటప్పుడు ఎన్ని మొక్కలని కాక, ఎన్ని చెట్లయ్యాయని మమ్మల్ని అడగండి. అలా అడిగితే మేమూ వేరు చూసే కొంటాం, ఇన్షా అల్లాహ్.