విమానచోదకుని అనుభవము - గంటల లెక్క

మన దేశములో 200 గంటలు విమానము నడిపి, పరీక్షలలో నెగ్గినవారికి వాణిజ్య విమానచోదకుని లైసెన్సు లభించును. పిదప, తాము నడుపబోవు విమానమునకు తగిన ప్రత్యేక శిక్షణ పొంది, వారు ప్రయాణికుల విమానములలో సహచోదకులుగా చేరవచ్చును. అమెరికాలో కూడ ఒకప్పుడు 250 గంటలు చాలియుండెను. 2013 నుండి అచట సామాన్యముగా 1500 గంటలు కావలెను. ఈ మార్పునకు మూలము ఒక ప్రమాదము.

2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి, న్యూయార్క్ రాష్ట్రములోని బఫెలో నగరమున దిగబోవుచున్న ఒక విమానము సమీపమున ఒక ఇంటిపై కూలినది. విమానములోని 49 మందియు, ఇంటిలోని ఒకరును మరణించిరి. దిగుటకు సిద్ధమగుచుండగా విమానవేగము మితిమీరి తగ్గినది, చోదకులు గమనింపలేదు. వేగము తగ్గినపుడు ఎత్తు నిలుపుకొనుటకు విమానపు ముక్కును పైకెత్తవలెను. ఆ పనిని ఆటోపైలట్ మౌనముగా చేయుచునే యుండెను. రెక్కకును ఎదురుగాలికిని నడుమనున్న కోణము ఒక హద్దు దాటినచో, గాలి రెక్క పైభాగమును అంటిపెట్టుకొని ప్రవహింపక విడిపోవును. విమానమును మోయు బలము క్షీణించును. దీనినే 'స్టాల్' అందురు. ఆ స్థితి రాకమునుపే చోదకుని చేతిలోని స్తంభము గడగడ వణకి హెచ్చరించును. అప్పుడు దానిని ముందుకు నెట్టి, ముక్కు దింపవలెను. క్రింద నేల సమీపించుచుండగా ముక్కు దింపుటకు మనసొప్పదు! ఆ కెప్టెను స్తంభమును వెనుకకు లాగెను.

విచిత్రమేమనగా, ఆ కెప్టెనుకు 3300 గంటలకు పైగాను, సహచోదకురాలికి 2200 గంటలకు పైగాను అనుభవము కలదు. 1500 గంటల నియమము ఆనాడే యున్నను వారిద్దరిలో ఎవరిని ఆపెడిది కాదు.

గంటలన్నియు ఒకటి కావు. మబ్బులేని పగటివేళ, ఒకే ఇంజనుగల చిన్న విమానములో, ఒకే మైదానము చుట్టు తిరిగిన వేయి గంటలు చాల భాగము మొదటి పది గంటలకే పునరావృత్తి. ఉద్యోగమున చేరిన కొత్త చోదకునికి ఎదురగునది వేరు: జెట్ వేగము, మంచు, రాత్రి, ప్రక్కన మరొక చోదకుడు, సగము పని తామే చేయు యంత్రములు. నియమము చేసినవారు కూడ ఈ సంగతి ఎరిగినవారే కాబోలు, సైనిక చోదకులకు 750, విశ్వవిద్యాలయములో విమానయానము చదివిన పట్టభద్రులకు 1000 గంటలు చాలునన్నారు.

అమెరికాలో ఆరు ప్రాంతీయ విమాన సంస్థలలో చేరిన 2156 మంది చోదకుల శిక్షణ ఫలితములను పరిశీలించిన అధ్యయనమొకటి 2010లో వెలువడినది. అందు, చేరకమునుపు 500 నుండి 1000 గంటలు నడిపినవారే మేలుగా రాణించిరి. ఇతరులకు విమానము నేర్పినవారును ముందుండిరి. శిష్యుని తప్పును అది ముదరకమునుపే పట్టుకొనుట వారి నిత్యకృత్యము గదా! అయితే శిక్షణలో నెగ్గుటయు, ఆపదలో నిలుచుటయు ఒకటేయని దీనివలన తేలదు.

కావున గంటలతో పాటు వేరొక మార్పు కూడ జరిగినది. 2014 నుండి అమెరికాలో ఆ లైసెన్సు కోరువారు 30 గంటల పాఠములు విని, 10 గంటలు సిమ్యులేటరులో అభ్యసింపవలెను. 2019 నుండి విమాన సంస్థల చోదకులందరును సిమ్యులేటరులో హెచ్చరికతో ఆగక, పూర్తి స్టాల్ లోనికి పోయి, ముక్కు దింపి బయటపడుట చేసి చూపవలెను.